ఒక సీటుకి ఒక సీటు

బోర్డు చూసి పెర్సిస్ గట్టు మీదే ఆగిపోయింది.

పసుపు రేకు మీద నీలం అక్షరాలు. ‘ఇండియా – జర్మనీ మత్స్య పరిశోధనా కేంద్రం. అనుమతి లేనిదే లోనికి రాకూడదు.’ కింద కుడివైపు మూలన ఒక గుండ్రటి ముద్ర. ఆ ముద్రని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆమె బ్యాగులో ఉన్న ప్రతి కాగితం మీదా అదే ఉంది.

“ఇదేంటండీ బాలస్వామిగారూ?”

“బాగుందాండీ?” బాలస్వామి భుజం మీది తువ్వాలు తీసి బోర్డు మీద దుమ్ము దులిపాడు. యాభై ఏళ్ళ మనిషి. ఎండకి కమిలిన ఒళ్ళు, ఎప్పుడూ నవ్వే మొహం. “కైకలూరులో రాయించానమ్మా. మీరిచ్చిన కాగితం చూపించి ఆ బొమ్మ కూడా వేయించాను. పెయింటరు మొదట వంకరగా వేశాడు. ఒప్పుకోలేదు. చెరిపి మళ్ళీ వేయించాను.”

“పరిశోధనా కేంద్రం ఎక్కడుందండీ ఇక్కడ?”

“వస్తుంది కదండీ జర్మనీ అమ్మాయి. ఆవిడ చేసేది పరిశోధనే కదా.”

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

రెండు చెరువుల అవతల ఒక పొక్లెయిన్ గట్టు మీద మెడ వంచి మట్టి తోడుతోంది. గట్టు తెగినచోట నీళ్ళు బురదరంగులో బయటికి దూకుతున్నాయి. చుట్టూ గట్ల మీద జనం వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ అరవడం లేదు, ఏడవడం లేదు. చూస్తున్నారు, అంతే.



2006 మే నెల. సోమవారం. టైము పదకొండున్నర.

పెర్సిస్ తాడేపల్లిగూడెం దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతోంది. ఆ కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థి సమితికి ఒక శాఖ ఉంది. బోర్డు మీది ముద్ర ఆ సమితిదే. ఆ శాఖకి ఆమె ఎక్స్ఛేంజి సెక్రటరీ. పేరు పెద్దదే గాని పని ఒక్కటే. ఇక్కడి కంపెనీల చుట్టూ తిరిగి, విదేశీ విద్యార్థులకి రెండేసి నెలల ట్రైనింగ్ సీట్లు సంపాదించాలి. ఇక్కడ ఎన్ని సీట్లిస్తే అక్కడ అన్ని సీట్లు మన పిల్లలకి ఇస్తారు. ఒక సీటుకి ఒక సీటు. ఇక్కడిది పోతే అక్కడిదీ పోతుంది. బతిమాలితే మారే లెక్క కాదది.

ఈ ఏడాది ఆమె సంపాదించింది ఒక్కటంటే ఒక్కటి. మండవల్లి అవతలి లంకలో బాలస్వామి పన్నెండెకరాల చేపల చెరువు. సమితి భాషలో అతను ‘హోస్ట్’. జూన్‌లో క్లారా అనే జర్మనీ అమ్మాయి ఇక్కడికి వచ్చి నీటి పరీక్షలు నేర్చుకుంటుంది. బదులుగా జర్మనీలో ఒక నీటి ల్యాబు ఒక సీటిచ్చింది.

ఆ సీటు రమ్యది.

రమ్య పెర్సిస్‌కి రెండేళ్ళుగా హాస్టల్లో రూమ్మేటు. కామవరపుకోట అమ్మాయి. తండ్రి ఎలీయాజరు అక్కడే స్కూలు మాస్టారు. రమ్యది ఫైనలియర్. జూన్ దాటితే ఆమె విద్యార్థి కాదు, సమితి రూల్స్ ప్రకారం ఇంకెప్పుడూ సీటు రాదు. గురువారం పొద్దున్న చెన్నైలో వీసా ఇంటర్వ్యూ. ఆ లోపల జర్మనీ వాళ్ళు చెన్నై కాన్సులేట్‌కి ఆహ్వానం ఫ్యాక్స్ చేయాలి. వాళ్ళు అది పంపాలంటే, బుధవారం సాయంత్రం ఐదు గంటల్లోగా పెర్సిస్ ఒక కాగితం సమితి ఢిల్లీ ఆఫీసుకి పంపాలి. ‘మా చెరువు సిద్ధంగా ఉంది, అమ్మాయిని పంపండి’ అని బాలస్వామి సంతకం, స్టాంపు ఉన్న కాగితం.

దాని కోసమే ఆమె వచ్చింది.

“ఆ మిషను ఏం చేస్తోందండీ?”

“కొడుతున్నారండి.” బాలస్వామి వానొస్తోందన్నంత మామూలుగా చెప్పాడు. “ఐదో కాంటూరు లోపలున్న చెరువులన్నీ సరస్సువేనంటండి. కోర్టు ఆర్డరంట. పెదపాడు వైపు అయిపోయింది. ఇప్పుడు మనవైపు.”

కొల్లేరు చుట్టుపక్కల నేల ఎత్తుని కాంటూర్లతో లెక్క కడతారు. ఐదు దాటి పైనుంటే పొలమైనా చెరువైనా ఉంచుతారు. కింద ఉంటే గట్టు కొట్టి నీళ్ళు సరస్సులోకి వదిలేస్తారు. మండవల్లి, కైకలూరు చుట్టుపక్కల చిన్నపిల్లనడిగినా ఈ మాట చెబుతుంది. పెర్సిస్‌ది తాడేపల్లిగూడెం. ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవర్నీ అడగలేదు.

“మీది ఎన్నో కాంటూరండీ?”

“మూడండి.”

జనవరిలో ఇదే గట్టు మీద నులకమంచం వేసుకుని కూర్చుని ఆమె ఇరవై రెండు ప్రశ్నల ఫారం నింపింది. కరెంటు ఉందా? ఉందండి. మంచినీళ్ళు? ఉన్నాయండి. పాములు? ఉంటాయండి, ఏమీ చేయవు. నేల ఎవరిది? మాదేనండి. టిక్కు, టిక్కు, టిక్కు.

“జనవరిలోనే తెలుసా మీకిది?”

“అనుకుంటున్నారండి అప్పటికే.”

“మరి నాకు చెప్పలేదేంటండీ?”

బాలస్వామి నొచ్చుకున్నాడు. “మూడు బస్సులు మారి వచ్చారమ్మా మీరు. వచ్చిన ఆడపిల్లని కాదు పొమ్మంటామా? పైగా మీరు చెప్పింది విన్నాక మా ఊరంతా కూర్చుని ఆలోచించాం. తెల్లావిడ గట్టు మీద నిలబడి పరీక్షలు చేస్తుంటే మిషను ఎలా తెస్తారండీ? పేపర్లో పడిపోదా? అందుకే బోర్డు కూడా పెట్టాం. మీరొక్క సాయం చేయండమ్మా. ఆవిణ్ణి జూన్‌లో కాదు, ఈ వారమే రప్పించేయండి.”

“ఈ వారం ఎలా వస్తుందండీ? ఆమెకి పరీక్షలున్నాయి.”

“ఓ నాలుగు రోజులు ముందుకి జరపమనండి.”

అతని భార్య వెంకటలక్ష్మి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. “ఏవమ్మా, ఎండలో నిలబెట్టేశారేంటి ఈయన! లోపలికి రండి. గది చూద్దురుగాని.”

రేకుల షెడ్డుకి ఆనుకుని కొత్త గది. సున్నం వాసన ఇంకా పోలేదు. మంచం, దోమతెర, టేబుల్ ఫ్యాను. వెంకటలక్ష్మి పక్క తలుపు గర్వంగా తోసింది. లోపల తెల్లగా మెరిసిపోతూ కుర్చీలాంటి కమోడ్.

“ఏలూరు నుంచి తెప్పించామమ్మా. ఆ దేశపోళ్ళు గొంతుక్కూర్చోలేరంట కదా. మా వదిన చూసి ఒకటే నవ్వు. ‘నువ్వూ ఎక్కి చూడవే’ అంటుంది.”

పెర్సిస్ నవ్వలేకపోయింది. మజ్జిగ గ్లాసు చేతిలో అలాగే ఉంది.

బాలస్వామి ఆమె తెచ్చిన ఫారం తీసుకున్నాడు. చదవలేదు. ఎక్కడ పెట్టాలో అడిగి సంతకం పెట్టాడు, స్టాంపు గుద్దాడు, ఇంకు ఆరడానికి కాగితం మీద ఊదాడు.

“ఇదిగోనమ్మా. ఇంకేమైనా రాయాలంటే మీరే రాసుకోండి.”

సంతకం ఉంది, స్టాంపు ఉంది, ఈ క్షణానికి చెరువు నిండా నీళ్ళూ ఉన్నాయి. ఈ కాగితంలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. రెండు గట్ల అవతల పొక్లెయిన్ ఇంకో దోసిలి మట్టి ఎత్తింది.

*

శాఖ ప్రెసిడెంటు ఫణికుమార్ విజయవాడలో కోచింగ్‌లో ఉన్నాడు. ప్రెసిడెంటయ్యాక అతను చేసిన మొదటి పని తన పేరుతో కార్డులు కొట్టించుకోవడం. రెండో పని ఇంకా మొదలుపెట్టలేదు.

“పెర్సీ, సంతకం పెట్టాడా లేదా?” ఫోన్‌లో అడిగాడు.

“పెట్టాడు. కానీ చెరువు...”

“స్టాంపు?”

“ఉంది. ఫణీ, నా మాట విను. వారంలో ఆ చెరువు ఉండదు.”

“వారం తర్వాత సంగతి వారం తర్వాత. ముందు రమ్య వెళ్ళిపోతుంది కదా. క్లారా వచ్చాక ఎక్కడో ఓ చోట సర్దుదాం. బొచ్చె చేప ఏ చెరువులోనైనా బొచ్చె చేపే.”

“అలా కుదరదు. హోస్ట్ మారితే క్లారా ఒప్పుకోవాలి, కొత్త ఫారం కావాలి. చెరువు లేదని తెలిసీ కాగితం పంపించామని తేలితే మన శాఖనే తీసేస్తారు. రమ్యని మధ్యలో వెనక్కి పంపేస్తారు.”

“నిజం చెబితే సీటు ఇప్పుడే తీసేస్తారు. ఏది నయం?” అని, ఎవరో పిలిచినట్లున్నారు, పెట్టేశాడు.

రూల్స్‌లో ఒక కంత ఉంది. గడువులోగా అదే రంగంలో ఇంకో హోస్ట్‌ని చూపిస్తే సీటు నిలబడుతుంది. చేపలు, నీళ్ళు, మేత, ఏదైనా సరే. పెర్సిస్ దాన్ని పట్టుకుంది. రమ్యకి చెప్పాలా అనుకుంది. చెప్పి ఏం చేయాలి? రెండు రోజులు ఆ పిల్ల నిద్రపోదు. కొత్త హోస్ట్ దొరికాక నవ్వుతూ చెబుదాం, ‘తెలుసా, మధ్యలో ఎంత గండం గడిచిందో’ అని.

ఆ సోమవారం సాయంత్రంలోగా ఏలూరులో రెండు చోట్లకి వెళ్ళింది. ఐసు ఫ్యాక్టరీ మూసి ఉంది. చేపపిల్లల హేచరీ ఆయన కాఫీ ఇచ్చి, వాళ్ళమ్మాయి పెళ్ళి ఆల్బం చూపించి, “మా తమ్ముడు వచ్చాక అడుగుతానండి” అన్నాడు. తమ్ముడు ఎప్పుడొస్తాడంటే మస్కట్‌లో ఉన్నాడన్నాడు.

మంగళవారం పొద్దున్న వట్లూరు దగ్గర చేపల మేత మిల్లు. యజమాని శేషగిరిరావు అరవై దాటిన మనిషి. మిల్లులో సొంత ల్యాబు ఉంది. గాజు గొట్టాలు, తూనికలు, గోడ మీద చార్టులు. పెర్సిస్‌కి ప్రాణం లేచొచ్చింది.

“జర్మనీ నుంచాండీ? అబ్బో!” ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఎన్ని నెలలు?”

“రెండు నెలలండి. ఉండటానికి మేం చూసుకుంటాం. మీరు ల్యాబులో పని చూపిస్తే చాలు. ఈ ఫారం మీద ఒక సంతకం.”

“మంచి పని చేస్తున్నారమ్మా. చదువుకునే పిల్లలు ఇలాగే ఉండాలి. అలాగే చూద్దాంలెండి. రేపు పొద్దున్న రండి.”

“రేపు తప్పకుండానాండీ? సాయంత్రం ఐదింటికి పంపించేయాలి.”

“రండమ్మా, చూద్దాం. ముందు ఆ కూల్‌డ్రింకు తాగండి, వేడెక్కిపోతోంది.”

ఆమె సీసా పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి ఫోన్ మోగింది. కామవరపుకోట నెంబరు. బూత్ నుంచి రమ్య.

“పెర్సీ! ఒక్క నిమిషమే, వెనక ఇద్దరున్నారు. భీమవరం రొయ్యల ల్యాబు వాళ్ళు ఉద్యోగం గురించి మళ్ళీ ఫోన్ చేశారే. జూన్ ఒకటిన చేరతావా లేదా ఇవాళ సాయంత్రంలోగా చెప్పమంటున్నారు. లేదంటే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటారంట.”

పెర్సిస్ సీసా వరండా గోడ మీద పెట్టింది.

“నాన్న, ‘ఎందుకైనా మంచిది, ఒకసారి పెర్సిస్‌ని అడుగు’ అన్నారు. జర్మనీది పక్కాయే కదా?”

“వాళ్ళు రెండ్రోజులు ఆగలేరంటా?”

“ఆగరంట. ఏం, ఏమైనా తేడా ఉందా?”

వరండా కిటికీలోంచి శేషగిరిరావు కనిపిస్తున్నాడు. ఆమె ఇచ్చిన ఫారం ఆయన బల్ల మీద ఉంది. దాని మీద ఆయన కళ్ళజోడు ఉంది. ఇంకొక్క రోజు. రేపీపాటికి ఆ కాగితం మీద సంతకం ఉంటుంది.

“ఏ తేడా లేదు,” అంది పెర్సిస్. “పక్కాయే.”

“హమ్మయ్య. అయితే వాళ్ళకి రానని చెప్పేస్తున్నా. అమ్మ నీకు సున్నుండలు పంపిస్తానంది. ఏలూరు స్టేషన్‌కి రా. రేపు సాయంత్రం చెన్నై బండి.”

లైను తెగింది. కూల్‌డ్రింకు గోరువెచ్చగా అయిపోయింది.

*

బుధవారం తొమ్మిదింటికల్లా పెర్సిస్ మిల్లు గేటు దగ్గర ఉంది.

గేటుకి తాళం.

పదింటికి గుమాస్తా రత్నం సైకిల్ మీద వచ్చాడు. ఆమెని చూసి దిగాడు. “ఎవరి కోసమమ్మా?”

“శేషగిరిరావుగారు ఇవాళ రమ్మన్నారండి.”

“ఆయన తెల్లారే భీమవరం వెళ్ళిపోయారు కదండీ. వారం దాకా రారు. మిల్లు కూడా ఇవాళ్టి నుంచి ఆపేశాం.”

“ఆపేశారా? నిన్న నాతో...”

రత్నం సైకిల్ స్టాండు వేశాడు. జాలిగా చూశాడు. “చెరువులు కొట్టేస్తుంటే మేత ఎవరు కొంటారమ్మా? నిన్న మీకేం చెప్పారాయన?”

“చూద్దాంలెండి, రేపు రండి అన్నారు.”

“కూల్‌డ్రింకు ఇప్పించారా?”

“ఇప్పించారు.”

“అంతేనమ్మా మరి. ఆయనకి ఎవర్నీ ముఖం మీద కాదనే అలవాటు లేదు. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నాను. మీరు అక్కడే అర్థం చేసుకుని వెళ్ళిపోతారనుకున్నారు.” ఆఫీసు తాళం తీసి, బల్ల మీదున్న ఫారం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఖాళీ ఫారం. “ఏమీ అనుకోకండి.”

ఆమె ఏమీ అనుకోలేదు. అనుకునే తీరిక లేదు. ఆటో ఎక్కింది.

పదకొండున్నరకి అటవీశాఖ ఆఫీసు. సరస్సు వాళ్ళదే కాబట్టి నీటి పరీక్షలు వాళ్ళే చేస్తారని ఎవరో చెప్పారు. అక్కడి ఆఫీసరు ఆమె చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. చాలా మంచి ఆలోచన అన్నాడు. హైదరాబాద్‌కి ఉత్తరం రాస్తే రెండు మూడు నెలల్లో అనుమతి రావచ్చన్నాడు. ఇంకో రెండు చోట్లు. ఇంకో కాఫీ. ఇంకో రెండు చూద్దాంలెండిలు.

మూడింటికి బాలస్వామి ఫోన్ చేశాడు.

“అమ్మా, కొట్టేశారండి.”

అతని వెనకాల ఇంజను చప్పుడు, ఏవో అరుపులు.

“బోర్డు చూపించాను. వచ్చిన ఆఫీసరు చదివాడు కూడాను. జర్మనీ వాళ్ళ కాగితమేదైనా ఉందా అన్నాడు. మీరు రాస్తున్నారని చెప్పాను. మంచోడేనమ్మా, చేప పట్టుకోమని రెండు గంటలు టైమిచ్చాడు. పన్నెండెకరాల చెరువు రెండు గంటల్లో ఎక్కడ పడతాం? వలకి అందినంత అందింది. మీ జర్మనీ పిల్లకి ఇబ్బంది లేదు కదమ్మా? గదికేం కాలేదు. గది గట్టు మీద ఉంది కదా.”

ఆమె ఏదో అంది. ఏమందో ఆమెకే తెలియదు.

*

ఏలూరు ఆర్.ఆర్.పేటలో ఒక నెట్ సెంటర్. మధ్యకి అట్టలు కట్టిన ఆరు కంప్యూటర్లు. టైము నాలుగుంపావు.

మెయిల్ తెరిస్తే క్లారా ఉత్తరం. చెరువులో దిగడానికి రబ్బరు బూట్లు తెచ్చుకోవాలా, అక్కడే దొరుకుతాయా అని అడిగింది. విమానం టిక్కెట్టు కొన్నానని రాసింది. చివర్లో తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. నమస్కారం.

పెర్సిస్ మెయిల్ మూసేసింది.

ఫణికుమార్‌కి ఫోన్ చేసింది. “చెరువు పోయింది.”

“కాగితం ఉందిగా?”

“ఉంది.”

“సోమవారం తారీఖే కదా? సోమవారం చెరువుంది. నువ్వు రాసిందేం లేదు, ఆయన రాసిందే పంపిస్తున్నావ్. పంపించెయ్. రమ్య మొహం చూడు ఒకసారి.”

రమ్య మొహం చూడాల్సిన అవసరం లేదు. ఆమె గొంతు నిన్నటి నుంచి చెవిలోనే ఉంది. పక్కాయే కదా? పక్కాయే. భీమవరం ఉద్యోగం పోయింది ఆ మాట మీద. ఇప్పుడు ఇదీ పోతే?

స్కానర్ మీద కాగితం పెట్టింది. బాలస్వామి సంతకం తెర మీద మెల్లగా పైనుంచి కిందికి వచ్చింది. నాలుగూ ఇరవై ఎనిమిదికి ఢిల్లీకి పంపేసింది.

ఊపిరి వదిలింది. అయిపోయింది. తప్పో ఒప్పో, జూన్ దాకా టైముంది. ఈలోగా ఎక్కడో ఒక చెరువు దొరక్కపోదు.

నాలుగూ నలభైకి ఫోన్ మోగింది. ఢిల్లీ నెంబరు.

“పెర్సిస్ గారాండీ? నేను హరిప్రియని, ఢిల్లీ ఆఫీసు నుంచి. మీ లెటర్ అందింది. అన్నీ బానే ఉన్నాయి. జర్మనీకి పంపించేస్తాను.”

“థాంక్సండీ,” అంది పెర్సిస్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఒక్క మాట. అడ్రసులో మండవల్లి అని ఉంది. మాది కైకలూరేనండి. మా బాబాయి వాళ్ళవి రెండు చెరువులు మొన్న పోయాయి. అందుకని అడుగుతున్నాను. ఈ చెరువు ఎన్నో కాంటూరు?”

దేశం మొత్తంలో ఆ ప్రశ్న అడగగలిగిన ఒకే ఒక్క మనిషి ఢిల్లీలో ఆ కుర్చీలో కూర్చుని ఉంది.

“కనుక్కుని చెబుతానండి,” అంది పెర్సిస్.

“కనుక్కోవడానికేముందండీ, అక్కడ అందరికీ నోటికే ఉంటుంది. ఐదు పైనా, కిందా?”

“అదీ... ఆయన్ని ఒకసారి అడిగి...”

“పెర్సిస్ గారూ.” హరిప్రియ గొంతు మెత్తగానే ఉంది. “చెరువులో నీళ్ళున్నాయా?”

పెర్సిస్ గడియారం వైపు చూసింది. పక్క కంప్యూటర్లో ఎవరో పరీక్షా ఫలితాలు చూసుకుంటున్నారు. ఉన్నాయి అంటే చాలు. మూడక్షరాలు. నోరు తెరిచింది. అవతల ఉన్నది కైకలూరు పిల్ల. సాయంత్రం బాబాయికి ఫోన్ చేస్తే చాలు, ఏ గట్టు ఎప్పుడు తెగిందో చెప్పేస్తాడు.

“లేవండి.”

“ఎప్పుడు కొట్టారు?”

“ఇవాళేనండి. మూడింటికి.”



“ఇంకో హోస్ట్ ఎవరైనా ఉన్నారా? ఐదింటిదాకా నేను ఫైలు మూయను.”

“లేరండి. అందర్నీ అడిగాను. ఎవరూ లేదనలేదు. ఎవరూ ఇవ్వలేదు.”

“తెలుసండి,” అంది హరిప్రియ. “ఐదింటికి మూసేస్తాను. రమ్యగారి సీటు కూడా దాంతోపాటే పోతుంది. క్లారాకి నేనే రాస్తాను. మీరు రమ్యగారికి చెప్పండి.”

పెర్సిస్ ఆ కుర్చీలోనే ఐదయ్యే దాకా కూర్చుంది. ఐదూ ఒకటికి తెర మీది సమితి జాబితాలో క్లారా, రమ్య రెండు పేర్ల పక్కనా ఒకేసారి ఎర్ర గీత పడింది.

*

ఎలీయాజరు మాస్టారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కాలో ప్లాట్‌ఫామ్ మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో రమ్య సర్టిఫికెట్ల ఫైలు. పెర్సిస్‌ని చూసి లేచి నిలబడ్డారు. ఆడపిల్లైనా, చిన్నపిల్లైనా ఆయన లేచే పలకరిస్తారు.

“రండమ్మా, రండి. మీ కోసమే చూస్తున్నాం. బండి పావుగంట లేటంట.”

“వచ్చావా!” రమ్య డబ్బా అందించింది. “ఇదిగో, సున్నుండలు. ఫ్యాక్స్ వెళ్ళిందా?”

పెర్సిస్ డబ్బా తీసుకోలేదు.

“రమ్యా, సీటు పోయింది.”

“ఊరుకో.”

“నిజం. చెరువు కొట్టేశారు. ఇక్కడ హోస్ట్ పోతే నీ సీటు కూడా పోతుందని తెలుసు కదా. ఐదింటికి క్యాన్సిల్ చేసేశారు.”

రమ్య మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోవాలా వద్దా అన్నట్లు అక్కడే ఉంది. ఎలీయాజరు ఫైలుని రెండు చేతులతో పట్టుకున్నారు.

“మరి ఇప్పుడు చెన్నై వెళ్ళి లాభం లేదంటారా అమ్మా?”

“లేదండి.”

“వచ్చే ఏడాది...”

“ఉండదు నాన్నా,” అంది రమ్య. “నేను స్టూడెంట్‌ని కాదుగా.”

ఆయన తల ఊపారు. కాసేపు పట్టాల వైపు చూశారు. “అయితే భీమవరం వాళ్ళని ఒకసారి అడిగితే? నిన్ననే కదమ్మా వద్దన్నది.”

పెర్సిస్ ఫోన్ ఇచ్చింది. రమ్య రెండడుగులు పక్కకి వెళ్ళి మాట్లాడింది. ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. “అవునండి, నేనేనండి... లేదండి, ఇప్పుడు వీలవుతుంది... ఓహో. నిన్న సాయంత్రమేనాండీ?... పర్లేదండి. థాంక్సండి.”

తిరిగి వచ్చి ఫోన్ పెర్సిస్ చేతిలో పెట్టింది.

“చెరువు కొడతారని ఎప్పుడు తెలిసింది నీకు?”

ఈ ప్రశ్న వస్తుందని పెర్సిస్‌కి తెలుసు. నెట్ సెంటర్ నుంచి స్టేషన్ దాకా దానికి జవాబు వెతుకుతూనే వచ్చింది.

“సోమవారం.”

“సోమవారం.” రమ్య ఆ మాటని చేతిలోకి తీసుకుని చూసినట్లు పలికింది. “నేను నిన్న ఫోన్ చేశాను.”

“ఇంకో హోస్ట్ దొరుకుతాడనుకున్నాను. మిల్లాయన రేపు రమ్మన్నాడు. ఒక్క రోజు ఆగితే...”

“నేను అడిగాను, ఏమైనా తేడా ఉందా అని.”

“అడిగావు.”

“అప్పుడు ఉంది అని ఉంటే చాలు కదే. ఒక్క మాట. నేనేం ఏడ్చేదాన్ని కాదు. నిన్నేం అనేదాన్నీ కాదు. భీమవరం వెళ్ళి రొయ్యలు చూసుకునేదాన్ని.”

“రమ్యా,” అన్నారు ఎలీయాజరు మెల్లగా. “అమ్మాయి మన కోసమే తిరిగింది.”

“తెలుసు నాన్నా.”

మైకులో చెన్నై బండి వస్తోందని చెప్పారు. ప్లాట్‌ఫామ్ మీద జనం సామాన్లు ఎత్తుకుని ముందుకి కదిలారు. ఎవరో పోర్టరు మాస్టారి పెట్టె మీద చెయ్యి వేసి “ఏ బోగీ అండీ?” అన్నాడు. ఆయన “మేం వెళ్ళడం లేదు బాబూ” అన్నారు, క్షమాపణ అడుగుతున్నట్లు.

బండి వచ్చింది. వాళ్ళ బోగీ సరిగ్గా వాళ్ళ ముందే ఆగింది. ఆ రెండు నిమిషాలు ముగ్గురూ దాని ఎదురుగా నిలబడ్డారు. కదలడానికి దారి లేదు, ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళు చుట్టూ కిక్కిరిసి ఉన్నారు. ఒకావిడ రమ్యని భుజంతో తోసి, “ఎక్కేదుంటే ఎక్కమ్మా, లేదంటే జరుగు” అని కసిరింది. రమ్య జరిగింది.

బండి వెళ్ళాక స్టేషన్ బయటికి వచ్చారు. పెర్సిస్ పెట్టె అందుకోబోయింది. రమ్య పెట్టెని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“జంగారెడ్డిగూడెం బస్సు ఉంటుందా నాన్నా ఇప్పుడు?”

“ఏడున్నరకి ఒకటుంది. అందుకుంటాంలే.”

రిక్షా పిలిచారు. రమ్య ముందు ఎక్కి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఎలీయాజరు మాస్టారు ఎక్కబోయి ఆగారు. ఫైలు చంకలో ఉంది. 

“ఎండనపడి తిరిగారు మూడు రోజులు. మొహం పీక్కుపోయింది. వెళ్ళి కాస్త అన్నం తినండమ్మా,” అన్నారు.

“అలాగేనండి,” అంది పెర్సిస్.

రిక్షా కదిలింది. పెర్సిస్ దాని వెనకే నాలుగడుగులు నడిచింది. అంతకంటే ఎక్కడికి నడవాలో తెలియక ఆగిపోయింది.